గర్భసంచి ఆపరేషన్ తర్వాత మా దాంపత్యం: ఏడాదిన్నర అనుభవం

గర్భసంచి ఆపరేషన్ అయితే ఏం తినాలో, ఎన్నాళ్లు బరువులు ఎత్తకూడదో, బెల్టు ఎప్పటిదాకా కట్టుకోవాలో చెప్పేవాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. ఆ తర్వాత మొగుడూ పెళ్లాల మధ్య ఏమవుతుందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరూ చెప్పలేదు, నాకంటే ఆరేళ్ల ముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా అక్కా చెప్పలేదు. నొప్పికి కారణం ఉందనీ, వైద్యం ఉందనీ తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. అన్ని నెలలు ఇంకో ఇంట్లో అలా గడవకూడదనే ఇది రాస్తున్నాను. కొన్ని మాటలు విప్పి చెప్పక తప్పదు. పేర్లు మాత్రం రాయడం లేదు.

నాకిప్పుడు నలభై ఐదేళ్లు. తణుకు దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్ టీచర్ని. అమ్మాయి ఇంజినీరింగ్, అబ్బాయి ఇంటర్.

2022 నుంచే నెలసరి అదుపు తప్పింది. మొదటి మూడు రోజులూ గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. క్లాసులో కుర్చీలోంచి లేవాలంటే భయం. లేత రంగు చీరలు కట్టడమే మానేశాను. మాత్రలు వేసుకుంటే ఆ నెలకి కాస్త తగ్గేది, మళ్లీ మామూలే. 2023 దసరా సెలవుల్లో మేడ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 ఉంది. స్కానింగ్‌లో గర్భసంచి పద్నాలుగు వారాల గర్భమంత పెరిగిందనీ, ఏడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఒకటి, చిన్నవి ఇంకొన్ని ఉన్నాయనీ, ఎడమ ఓవరీ మీద సిస్టు ఉందనీ తేలింది.

రాజమండ్రిలో చూపించుకున్నాం. సంచి లోపలి పొర కొంచెం తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు రావడానికి వారం పైనే పట్టింది. ఆపరేషన్ కంటే ఆ వారమే నాకు ఎక్కువ టెన్షన్. క్యాన్సర్ లేదని వచ్చాక లోపల రక్తస్రావం తగ్గించే హార్మోన్ లూప్ పెట్టి చూసే మాట కూడా అనుకున్నాం. గడ్డ లోపలివైపు పొడుచుకు వచ్చింది కాబట్టి లూప్ నిలవకపోవచ్చన్నారు. ఏలూరులో ఇంకో డాక్టరమ్మకి రిపోర్టులన్నీ చూపిస్తే ఆవిడ కూడా ఆపరేషనే మంచిదన్నారు. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ కూడా సంచి తీసేయించుకున్నవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ అయితే మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిది మందికి అయింది. అందుకే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లాను. నాది అవసరమై చేసిన ఆపరేషనే అన్న నమ్మకం తర్వాత చెడ్డ రోజుల్లో నాకు చాలా ఆసరా అయింది.

హిమోగ్లోబిన్ పది దాటితేగానీ మత్తు ఇవ్వనన్నారు. వారం తేడాతో రెండుసార్లు ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. ఒక్కోసారికి నాలుగు వేల దాకా అయింది. సంక్రాంతికి పిల్లలు వస్తారు, అది కానిచ్చేసి పెట్టుకుందామన్నాను. 2024 జనవరి చివరి వారంలో తేదీ ఇచ్చారు.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుతో మాట్లాడింది పది నిమిషాలు. లాప్రోస్కోపీలోనే చేస్తామనీ, సంచితోపాటు మూతి, రెండు ట్యూబులు, సిస్టు ఉన్న ఎడమ ఓవరీ తీసేస్తామనీ, కుడి ఓవరీ బాగుంది కాబట్టి ఉంచుతామనీ చెప్పారు. మూతి ఉంచితే తర్వాత కలయికలో సుఖం తగ్గదని ఎక్కడో చదివాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. గదిలో మా ఆయన, మా మరిది, ఇద్దరు జూనియర్ డాక్టర్లు ఉన్నారు. "మూతి ఉంచితే ఏమైనా లాభమా మేడమ్" అని మాత్రం అడగగలిగాను. ఉంచినా తీసినా పెద్ద తేడా ఉండదమ్మా, తీసేస్తే మూతి క్యాన్సర్ భయం ఉండదన్నారు. పరిశోధనలు కూడా అదే చెబుతున్నాయని తర్వాత తెలిసింది. "ఒక ఓవరీ ఉంటుంది కాబట్టి మెనోపాజ్ ఇప్పుడే రాదు" అన్న మాటతో ధైర్యంగా సంతకం పెట్టాను. ఒక ఓవరీ మిగిలినా కొందరిలో అది ముందుగానే అలిసిపోవచ్చన్న సంగతి ఆ పది నిమిషాల్లో రాలేదు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టిందట. నేను అనుకోని సంగతులు మూడు ఎదురయ్యాయి. పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. పొట్ట ఉబ్బడానికి నింపే గ్యాస్ వల్ల భుజం లాగుతుందనీ, నడిస్తే తగ్గుతుందనీ సిస్టర్ చెప్పింది, రెండు రోజుల్లో తగ్గింది. గొంతులో ట్యూబు వేసినందువల్ల మాట బొంగురుపోయింది. యూరిన్ పైపు తీశాక మొదటిసారి వెళ్లడానికి సాయంత్రం దాకా పట్టింది, అప్పటిదాకా అందరికీ కంగారే.

మరో సంగతి జరిగింది గానీ అది నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. మా వైపు ఆసుపత్రుల్లో తీసిన భాగాన్ని ఇంట్లోవాళ్లని పిలిచి చూపిస్తారు. నేను మత్తులో ఉండగా మా ఆయన్ని థియేటర్ గుమ్మం దగ్గరికి పిలిచి, స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. గడ్డ ఇదీ, ట్యూబులు ఇవీ అని వివరించి, మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో మందు నీళ్లు పోసి, పక్క వీధిలో ల్యాబ్‌లో ఇచ్చి రమ్మని ఆయన చేతికే ఇచ్చారు. ఆ డబ్బా పట్టుకుని ఎండలో నడుచుకుంటూ వెళ్లారు. దాని గురించి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడు రాత్రులు ఉంచి ఇంటికి పంపారు. ప్యాకేజీ లక్షా పది వేలు, మందులు, బయాప్సీ కలిసి ఇంకో పద్దెనిమిది వేలు అయ్యాయి. ముందు చేతి నుంచి పెట్టుకుని రీయింబర్స్‌మెంట్‌కి పెట్టాం. ఏడాది దాటాక సగానికి కొంచెం పైన వచ్చింది. టీచర్లకి ఒక మాట. 2011 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 52 ప్రకారం ఈ ఆపరేషన్‌కి 45 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. దానికి సివిల్ సర్జన్ సర్టిఫికెట్ కావాలి. ప్రైవేటులో చేయించుకున్న నేను ఆ సంతకం కోసం కుట్లు మానకముందే ఆటోలో ప్రభుత్వాసుపత్రికి వెళ్లి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాను. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఆ కాగితం సంగతి కనుక్కుని ఉంచుకోండి.

డిశ్చార్జి కాగితం మీద బరువులు ఎత్తరాదు, బండి నడపరాదు, మలబద్ధకం రాకుండా చూసుకోవాలి అని ఉంది. మిగతాది సిస్టర్ నన్ను పక్కకి పిలిచి, "రెండు మూడు నెలలు ఆయనకి దూరంగా పడుకోండమ్మా" అని చెవిలో చెప్పింది. మా దాంపత్యం గురించి ఆ ఆసుపత్రిలో ఎవరైనా నాతో అన్న మాట అదొక్కటే. ఎందుకు దూరంగా ఉండాలి, మూడు నెలలయ్యాక ఎలా మొదలుపెట్టాలి, నొప్పి వస్తే ఎవరికి చెప్పాలి, ఇవేమీ లేవు.

ఇంటి దగ్గర నలభై రోజులు అమ్మ, అత్తయ్యగారు కంటికి రెప్పలా చూసుకున్నారు. చీము పడుతుందని పప్పు, వంకాయ, గోంగూర దరి చేరనివ్వలేదు. బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారం పెట్టారు. డాక్టరు అన్నీ తినమన్నారని చెప్పినా వినలేదు, నేనూ వాదించలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ల మాటలే ఎక్కువ బాధపెట్టాయి. "ఇంక లోపలంతా గుల్లే కదమ్మా" అంది ఒకావిడ. "పోనీలే, ఆ గొడవలన్నీ తీరిపోయాయి, పిల్లలు ఎదిగారు, ఇంకేం కావాలి" అంది దూరపు పిన్ని. ఆవిడ మంచికే అంది. నాకు మాత్రం రాత్రి దుప్పట్లో ఏడుపొచ్చింది. ఏ గొడవలు తీరిపోయాయి? రక్తం పోవడం తీరిపోవాలని ఆపరేషన్ చేయించుకున్నాను. మిగతావి కూడా తీరిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

మార్చి మొదటి వారంలో చెకప్‌కి వెళ్తే లోపల చూసి, కుట్లు బాగా మానుతున్నాయి, బయాప్సీలో భయపడాల్సిందేమీ లేదన్నారు. అప్పుడప్పుడూ కొంచెం ఎర్రగా కనిపిస్తోందంటే మామూలేనన్నారు. బయట చాలామంది పేషెంట్లున్నారు. తర్వాతి పేరు పిలిచేశారు.

స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టాక శరీరం బాగా తేరుకుంది. రక్తం పట్టింది, మొహంలో కళ వచ్చిందని స్టాఫ్‌రూమ్‌లో అందరూ అన్నారు. నెలలో పది రోజులు భయంతో బతికిన మనిషికి ఆ భయం పోవడమంటే ఎంత హాయో చెప్పలేను. ఉగాదికి తెల్ల చీర కట్టుకున్నాను.

ఏప్రిల్ చివర్లో, మూడు నెలలు నిండాక, మేం మొదటిసారి దగ్గరయ్యాం. నాకు ఇష్టంగానే ఉంది. కానీ లోపల తడి లేదు. ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టు మంట. ఇంకాస్త లోపల ఏదో పుండు మీద తగిలినట్టు పోటు వచ్చి నాకు తెలియకుండానే ఆయన్ని తోసేశాను. లేచి చూసుకుంటే కొద్దిగా రక్తం. కుట్లు ఊడిపోయాయేమోనని ఇద్దరం తెల్లవార్లూ మెలకువగా ఉన్నాం. పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఎక్కువగా పోతేనే రండి, లేకపోతే మరో నెల ఆగండి అన్నారు.

ఆగాం. మే నెలాఖరులో మళ్లీ అదే మంట, అదే పోటు. ఆ తర్వాత ఆయన చెయ్యి నా భుజం మీద పడగానే ఒళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. నొప్పి వస్తుందని ఒంటికి ముందే తెలిసిపోయేది. ఆయన గమనించారు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, హాల్లో కూలర్ దగ్గర పడుకుంటానన్నారు. వానలు పడ్డాక కూడా హాల్లోనే పడుకున్నారు. ఇంక నేను పనికిరాననుకున్నారని నాకనిపించింది. నేను ఆయన మొహం చూడలేకపోతున్నానని ఆయనకి అనిపించిందట. పొద్దున్న కాఫీ ఇవ్వడం, కూరగాయలు తేవడం, అబ్బాయి ఫీజు కట్టడం అన్నీ మామూలుగానే జరిగిపోయేవి. బయటివాళ్లకి ఏ తేడా కనిపించదు. ఇరవై ఏళ్లు పక్కపక్కన పడుకున్న మనుషులం పలకరింపుల్లో కూడా జాగ్రత్త పడటం మొదలుపెట్టాం.

ఆ వేసవిలోనే ఒళ్లు సెగలు కమ్మడం, అర్ధరాత్రి జాకెట్టు తడిసిపోవడం కూడా ఉండేది. రోహిణి కార్తెలో తణుకులో ఎవరికి చెమట పట్టదు? ఎండ అనే అనుకున్నాం. ఆగస్టులో వాన కురుస్తుండగా స్టాఫ్‌రూమ్‌లో నాకొక్కదానికే చెమట కారింది.

దగ్గర్లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లి, ధైర్యం తెచ్చుకుని చెప్పాను. కలిసినప్పుడు నొప్పిగా ఉంటోంది మేడమ్ అని. ఆవిడ కాగితం మీంచి తలెత్తకుండా, "పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదమ్మా, ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు, మనసు దేవుడి మీద పెట్టండి" అన్నారు. కాల్షియం మాత్రలు రాశారు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా నా చెవులు కాలిపోతూనే ఉన్నాయి. నేను తప్పు అడగలేదు. పంటినొప్పి అంటే ఇంకేం తింటారులెండి అని ఏ డాక్టరూ పంపించేయరు.

సెప్టెంబరులో దారి చూపించింది మా సైన్స్ టీచర్. ఆవిడకి నాలుగేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అడిగాను, "మీకు తర్వాత ఇబ్బంది ఏమీ రాలేదా అండీ" అని. ఆవిడ క్యారియర్ మూత పెట్టేసి, తలుపు వైపు ఒకసారి చూసి, "మీకూనా?" అన్నారు. తను వైద్యం చేయించుకున్న విజయవాడ డాక్టరు నంబరు ఇచ్చారు. అపాయింట్‌మెంట్ మూడు వారాలకి దొరికింది.

ఆ డాక్టరు మొదట పరీక్ష బల్ల ఎక్కించలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు. నొప్పి మొదట్లోనా, లోపలా? మంటా, పోటా? తడి వస్తోందా? కోరిక ఉంటోందా, లేక నొప్పి భయంతో పోయిందా? ఆపరేషన్‌కి ముందు ఎలా ఉండేది? ఇన్ని ప్రశ్నలు ఉంటాయనే నాకు తెలియదు. ఒక్కొక్కటి చెబుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. టిష్యూ డబ్బా ముందుకి జరిపి, ఆగకుండా చెప్పండి అన్నారు.

పరీక్షలో మూడు విషయాలు బయటపడ్డాయి. సంచి తీసేశాక యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తారు. ఆ కుట్టు దగ్గర ఒకచోట పూర్తిగా మానకుండా ఎర్రటి మెత్తటి కండ పెరిగింది. పోటు, రక్తం అక్కడి నుంచే. యోని గోడలు పల్చబడి పొడిబారాయి, మంటకి కారణం అదీ. ఇక నొప్పి భయంతో కటి కింది కండరాలు బిగుసుకుపోయి ఆవిడ వేలు పెట్టడమే కష్టమైంది. ఎర్రటి కండని అక్కడే సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చారు. చురుక్కుమంది, రెండు రోజులు బూడిద రంగు నీరు వచ్చింది, అంతే. నెల తర్వాత ఇంకోసారి చేశారు. అన్నాళ్లు మేం భయపడి చచ్చిన ఆ రక్తం సంగతి అలా తేలిపోయింది.

"ఇది ఆపరేషన్ అయినవాళ్లందరికీ వచ్చేదేనా మేడమ్" అని అడిగాను. కాదన్నారు. గడ్డలకో రక్తస్రావానికో సంచి తీయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి దాంపత్యం ముందుకంటే మెరుగవుతుందనీ, లేదా అలాగే ఉంటుందనీ చెప్పారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ఆడవాళ్లని ఆపరేషన్ తర్వాత రెండేళ్లు గమనించి 1999లో ఫలితాలు ప్రచురించారట. కలయికలో తరచూ నొప్పి పడేవాళ్లు ముందు 18.6 శాతం ఉంటే రెండేళ్లకి 3.6 శాతానికి తగ్గారట. "కాబట్టి నొప్పి ఉంటే దాన్ని భరించాల్సింది అనుకోకూడదమ్మా, వెతకాల్సింది అనుకోవాలి" అన్నారు. మొదటి ఆసుపత్రిలో ఈ ఒక్క మాట చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది.

చెమటల గురించి చెబితే, ఓవరీ ఎంతవరకు పనిచేస్తోందో తెలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష రాశారు. ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఎక్కువే వచ్చింది. అంటే మిగిలిన ఓవరీ నెమ్మదించింది. నలభై నాలుగేళ్లకే మెనోపాజ్ వైపు వెళ్తున్నాను.

ముందు పొడిబారినదానికి ఎస్ట్రియాల్ అనే హార్మోన్ క్రీమ్ ఇచ్చారు. ట్యూబుతోపాటు చిన్న ప్లాస్టిక్ గొట్టం వస్తుంది. గీత దాకా నింపి రాత్రి పడుకోబోయేముందు లోపల పెట్టుకోవాలి. మూడు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ట్యూబు ఐదువందల లోపే. తణుకులో ఏ షాపులోనూ లేదు, విజయవాడ నుంచే తెచ్చుకున్నాను. లోపలి కాగితంలో గుండెజబ్బు, క్యాన్సర్ అని పెద్ద హెచ్చరికలు ఉంటాయి. అవి చదివి మొదటి రాత్రి వాడకుండా పక్కన పెట్టేశాను. ఫోన్ చేస్తే, ఆ హెచ్చరికలు ఎక్కువ మోతాదు హార్మోన్ మాత్రలకి సంబంధించినవనీ, ఈ క్రీమ్ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువనీ డాక్టరే వివరించారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా వాడకూడదన్నారు. నాలుగో వారానికి తేడా తెలిసింది. మామూలుగా నడుస్తున్నప్పుడు కూడా ఉండే ఒరిపిడి పోయింది. అది ఎండాకాలం వల్ల అనుకునేదాన్ని.

కలిసేటప్పుడు నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్ కూడా తప్పకుండా వాడమన్నారు. దాన్ని మా ఆయన ఆన్‌లైన్లో తెప్పించారు. పార్సిల్ మీద ఏమీ రాసి ఉండదు, ఎవరికీ తెలియదు.

బిగుసుకున్న కండరాలకి ఫిజియోథెరపీ ఉంటుందంటే మొదట నమ్మలేదు. మోకాళ్లకీ మెడకీ తప్ప దీనికి కూడానా? విజయవాడలోనే ఒకమ్మాయి చేస్తుంది. ఒక్కో విడతకి ఎనిమిది వందలు. శనివారం స్కూలయ్యాక రైలెక్కి వెళ్లేదాన్ని. మొదటిరోజు ఊపిరే నేర్పింది. పొట్టలోకి గాలి పీల్చుకుంటూ కింది కండరాలు వదులవ్వాలి. నా చెయ్యి అక్కడే పెట్టించి, బిగించినప్పుడు ఎలా ఉంటుందో వదిలినప్పుడు ఎలా ఉంటుందో నాకే తెలిసేలా చేసింది. కింది కండరాలు బిగించి వదిలే కెగెల్ వ్యాయామం అందరూ చెయ్యమంటారు గానీ నాకు అప్పుడే వద్దంది. బిగుసుకున్నదాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుందట, ముందు వదలడం రావాలి. తర్వాత వేలితో లోపలి కండరాన్ని మెల్లగా నొక్కి పట్టుకుని, నొప్పి కరిగేదాకా ఆగడం. ఆ తర్వాత డైలేటర్లు. వేలంత సన్నని దాని నుంచి మొదలై క్రమంగా లావయ్యే మెత్తటి సిలికాన్ గొట్టాలు. సెట్టు రెండువేల ఐదువందలు. జెల్ రాసి, తలుపు గడియ పెట్టుకుని, రాత్రి పది నిమిషాలు. పెట్టుకున్న మొదటి రాత్రి భయంతో కాళ్లు వణికాయి. రెండో సైజు నొప్పి లేకుండా వెళ్లిన రోజు ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. నా శరీరం నా మాట వినడం మళ్లీ మొదలైంది.

మా ఆయన్ని వెంటబెట్టుకురమ్మని డాక్టరు అన్నది నవంబరులో. ఆయన రానన్నారు. "నేనొచ్చి ఏం చెయ్యాలి, ఆడవాళ్ల విషయం" అన్నారు. మీరు రాకపోతే నేనూ వెళ్లనన్నాను. వచ్చారు. డాక్టరు ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి, సంచి ఇక్కడ ఉండేది, ఇది తీశారు, ఇక్కడ కుట్టి మూశారు, కింద యోని యథాతథంగా ఉంది, లోపల ఖాళీ ఏమీ లేదు, మానిన కుట్టు మీ వల్ల తెగిపోదు అని చెప్పారు. ఆయన ఆ బొమ్మకేసి చాలాసేపు చూశారు. అప్పుడు చెప్పారు ట్రే సంగతి. "అంతది తీసేశాక లోపల పచ్చిపుండు ఉంటుంది కదా మేడమ్. దగ్గరికి వెళ్లాలంటే ఆ డబ్బానే గుర్తొస్తుంది. మనిషికి ఏమైనా అయితే నా వల్లే అయినట్టు కదా" అన్నారు. పది నెలలుగా నేను పనికిరాకుండా పోయానని ఏడుస్తుంటే, ఈయన నన్ను చంపేస్తానేమోనని భయపడుతున్నారు. కారు పార్కింగ్‌లో ఇద్దరం చాలాసేపు కూర్చుండిపోయాం. హాల్లో మంచం ఆ రాత్రే తీసేశారు.

ఆసుపత్రులవాళ్లని ఒకటే అడుగుతాను. తీసిన భాగం చూపించాల్సి వస్తే చూపించండి. కానీ లోపల ఏం మిగిలిందో, మనిషి ఎప్పటికి మామూలవుతుందో కూడా ఆ గుమ్మంలోనే చెప్పండి.

మొదట కొన్నాళ్లు కలయిక అన్నదే పెట్టుకోవద్దన్నారు డాక్టరు. పక్కన పడుకోవడం, తల నిమరడం, ముద్దు, అంతవరకే. నొప్పి వచ్చే పని ఈ రాత్రి లేదని ముందే తెలిస్తే ఒళ్లు బిగుసుకోదు. ఆ మాట నిజం. పెళ్లయిన కొత్తలో కూడా మేం అంత తీరిగ్గా మాట్లాడుకోలేదు. 2025 సంక్రాంతి దాటాక, ఆపరేషన్ అయిన ఏడాదికి, మొదటిసారి నొప్పి లేకుండా కలిశాం. జెల్, ఓపిక, నేను పైన ఉండి ఎంతవరకో నేనే చూసుకోవడం, ఈ మూడూ పనిచేశాయి. ఆయన మధ్యమధ్యలో నొప్పా, నొప్పా అని అడుగుతూనే ఉన్నారు.

సుఖం ముందులాగే ఉంటుందా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగలేనివాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు, కాబట్టి చెబుతున్నాను. నాకు తేడా ఉంది. ముందు పొత్తికడుపు లోతుల్లో ముడుచుకుని వదిలినట్టు ఉండేది, ఇప్పుడు అది లేదు. సంచి కూడా ఆ సమయంలో ముడుచుకుంటుందనీ, కొందరికి అది తెలుస్తుందనీ డాక్టరు చెప్పారు. పైన బయట కలిగే సుఖం మాత్రం అలాగే ఉంది, దానికి ఎక్కువ సమయం పడుతోంది. ఆ తేడాకి కొన్నాళ్లు దిగులుపడ్డాను. కానీ దుప్పటి కింద పాత చీర పరుచుకోవడం, మధ్యలో రక్తం వస్తుందేమోనని ఆగిపోవడం, నెల తప్పుతుందేమోనన్న లెక్కలు, ఇవేమీ ఇప్పుడు లేవు. నా మటుకు నాకు, ఆపరేషన్ ముందు రెండేళ్ల కంటే ఇప్పుడే బాగుంది.

అన్నీ తీరిపోయాయని చెప్పను. కోరిక ఇదివరకులా దానంతటది పుట్టదు, దగ్గరయ్యాక మెల్లగా వస్తుంది. ఫిబ్రవరిలో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి వారం మందులు వాడాను. కలిశాక వెంటనే యూరిన్‌కి వెళ్లడం అలవాటు చేసుకున్నాక మళ్లీ రాలేదు. చెమటలు, నిద్రలేమి తగ్గకపోవడంతో మార్చి నుంచి చేతికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్ కూడా మొదలుపెట్టారు. దానికి ముందు బీపీ చూశారు, మామోగ్రామ్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించారు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా అని అడిగారు. సంచి లేదు కాబట్టి, సంచి పొరని కాపాడటానికి ఇచ్చే రెండో హార్మోన్ (ప్రొజెస్టరోన్) అక్కర్లేదన్నారు. విజయవాడ వైద్యం మొత్తానికి, రైలు చార్జీలతో కలిపి, ముప్ఫై వేల దాకా అయింది. ఇందులో రూపాయి కూడా రీయింబర్స్‌మెంట్ కింద రాలేదు.

మా అక్కకి మే నెలలో అంతా చెప్పాను. ఏడేళ్లుగా నొప్పి భరిస్తోందట, బావగారికి కూడా చెప్పలేదట. దానికి యాభై నిండాయి. "ఇప్పుడేం చేయించుకుంటానే" అంది. వయసుతో పనిలేదని డాక్టరు అన్నారని చెప్పి, వచ్చే నెల మొదటి శనివారం నాతోపాటు దానికీ అపాయింట్‌మెంట్ రాయించాను. నాకు ఆ రోజు ఎముకల సాంద్రత పరీక్ష ఉంది. ఈస్ట్రోజన్ జెల్ యాభై ఏళ్ల దాకా వాడాలో, ముందే ఆపవచ్చో ఏటా చూసి చెబుతామన్నారు.